మూసీ ఒడ్డున ఒక పూట: పురానాపూల్ నుంచి బతుకమ్మ కుంట దాకా

హైదరాబాద్ చూడ్డానికి చుట్టాలొస్తే మనం చూపించే లిస్టు ఒకటుంటుంది. చార్మినార్, గోల్కొండ, ట్యాంక్‌బండ్, మధ్యలో ఓ ప్లేట్ బిర్యానీ. మూసీ ఆ లిస్టులో ఉండదు. బస్సు వంతెన ఎక్కగానే ముక్కు మూసుకుంటాం, దిగగానే మర్చిపోతాం. కానీ ఈ ఊరికి వరద ఏం నేర్పింది, నేర్పిందాన్ని ఊరు ఎలా మర్చిపోయింది అన్నది చూడాలంటే మాత్రం ఆ కంపు భరించి కాసేపు నడవాల్సిందే. టికెట్ లేదు, గైడ్ అక్కర్లేదు. చెప్పులు కాకుండా బూట్లేసుకోండి. పొద్దున ఏడు లోపే బయల్దేరితే ఎండా తక్కువ, ట్రాఫిక్కూ తక్కువ.

అడుగు వేసేముందు ఫోన్‌లో మ్యాప్స్ తెరిచి శాటిలైట్ వ్యూ పెట్టండి. ఊరికి పడమట రెండు పెద్ద నీలి మచ్చలు కనిపిస్తాయి. పైది ఉస్మాన్‌సాగర్, మనందరి నోట్లో గండిపేట. దాని కింద హిమాయత్‌సాగర్. మొదటిది మూసీ మీద, రెండోది దాని ఉపనది ఈసీ మీద కట్టారు. ఈ రెండు నదులూ లంగర్‌హౌస్‌లో బాపూఘాట్ దగ్గర కలిసి, ఊరి నడుమ నుంచి తూర్పుకి పోతాయి. ఇవాళ మనం నడిచేది ఆ దారినే. ఆ రెండు మచ్చలని గుర్తుపెట్టుకోండి. ఈ కథలో మంచీ చెడూ రెండూ అక్కడి నుంచే వస్తాయి.

కమాన్లు లెక్కపెట్టండి

మొదలుపెట్టేది పురానాపూల్ దగ్గర. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించాడు. అంటే చార్మినార్ కన్నా పదమూడేళ్లు పెద్దది. ప్రేమకథలూ దీని చుట్టూ ఉన్నాయి, భాగమతి కోసమే కట్టారని చెప్పేవాళ్లకి ఇక్కడ కొదవ లేదు. ఇప్పుడు దీని మీద బండ్లు పోవు. రాతి వంతెన పొడవునా కూరగాయలు పరిచి అమ్ముతుంటారు. కొత్తిమీర కట్టలు, తోటకూర, గోనెసంచుల మీద టమాటాలు. కింద ఏ నది పోతోందో ఎవరికీ పట్టనంత హడావిడి.

మార్కెట్ దాటి పక్కకి దిగి, వంతెనని దూరం నుంచి చూడండి. 22 కమాన్లు. మామూలు రోజుల్లో నీళ్లు వాటిలో కొన్నింటి కిందే పారుతుంటాయి. మిగతావాటి కింద గడ్డి, చెత్త, ఎండిన బురద. ఇంత సన్నటి నీటికి ఇన్ని కమాన్లెందుకు కట్టారు? డబ్బులెక్కువై కాదు. కట్టినవాళ్లు నదిని దాని అతి పెద్ద రోజున కొలిచారు. నేను అటూ ఇటూ వంగి ఫొటోలు తీస్తుంటే ఆకుకూరలమ్మే పెద్దావిడ నవ్వింది. "ఏం చూస్తున్నవ్ బిడ్డా, ఆడ ఏమున్నది?" కమాన్లు లెక్కపెడుతున్నానన్నాను. "గవన్ని నీళ్లకే. ఇప్పుడు లేవు గానీ, అయ్యి వస్తయ్" అని మళ్లీ కొత్తిమీర మీద నీళ్లు చల్లుకుంది.

వచ్చాయి. 1908 సెప్టెంబర్ 28న.

చింతచెట్టు

పురానాపూల్ నుంచి ఒడ్డు వెంట తూర్పుకి నడిస్తే ముస్లింజంగ్ పూల్, దాని తర్వాత నయాపూల్ వస్తాయి. నయాపూల్ మీద నిలబడితే ఒక ఒడ్డున ఎర్రటి గుమ్మటాల హైకోర్టు, ఇంకో ఒడ్డున తెల్లటి గుమ్మటాల ఉస్మానియా ఆస్పత్రి. ఒక్క ఫ్రేములో రెండూ పడతాయి. ఇన్‌స్టాలో ఈ ఫొటో మీరు చూసే ఉంటారు. ఆస్పత్రి ఆవరణలో నది వైపున ఒక ముసలి చింతచెట్టు ఉంది. మనం చూడాల్సింది దాన్ని.

ఆ సెప్టెంబర్‌లో రెండు రోజులు ఆగకుండా వాన పడింది. శంషాబాద్‌లో 24 గంటల్లోనే 12.8 అంగుళాలు, అంటే 32 సెంటీమీటర్లు దాటి. 28 తెల్లవారేసరికి నది ఊళ్లో ఉంది. అప్పటికి మూసీ మీద ఉన్న నాలుగు వంతెనల్లో అఫ్జల్, ముస్లింజంగ్, చాదర్‌ఘాట్ మూడూ కొట్టుకుపోయాయి. పురానాపూల్ ఒక్కటే నిలబడింది. ఇప్పుడు ఉస్మానియా ఉన్నచోట అప్పుడున్న అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి కూడా పోయింది. ఎక్కడానికి ఇంకేం దొరక్క జనం ఈ చింతచెట్టెక్కారు. సుమారు 150 మంది, రెండు రోజుల పాటు దీని కొమ్మల మీదే ఉండి బతికారని చెబుతారు. చెట్టు దగ్గర ఆ సంగతి రాసిన ఫలకం ఉంది. ప్రతి సెప్టెంబర్ 28న కొందరు నగరవాసులు ఇక్కడికొచ్చి ఆరోజుని గుర్తుచేసుకుంటారు.

చెట్టెక్కలేకపోయినవాళ్ల లెక్క వేరు. చనిపోయినవాళ్లు 15,000 మంది అని ఎక్కువగా చెప్పే సంఖ్య. 19,000 ఇళ్లు కూలాయి, 80,000 మందికి గూడు లేకుండా పోయింది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనీ, కూతురినీ కళ్లముందే పోగొట్టుకుని ఒక్కడే మిగిలాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్యాలెస్ తలుపులు తెరిచి జనానికి నీడనిచ్చాడు.

చెట్టు కింద నిలబడి నది వైపు చూస్తే నమ్మబుద్ధి కాదు. అంత కింద, అంత నల్లగా, అంత బద్ధకంగా ఉంటుంది ఆ నీరు.

ఇంజనీర్ గారు చూసింది చెరువుల్ని

మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. ఈ భాగం కాస్త నిదానంగా చదవండి, అసలు సరుకు ఇక్కడే ఉంది.

ఆయన ఊళ్లో నదిని చూసి ఆగిపోలేదు. నదిలోకి నీళ్లెక్కడి నుంచి వస్తాయో ఆ పల్లెలన్నీ లెక్కతీశారు. దాదాపు 860 చదరపు మైళ్ల పరీవాహక ప్రాంతం, అందులో 788 చెరువులు. అంటే దాదాపు మైలుకో చెరువు. మన గొలుసుకట్టు చెరువుల పద్ధతి తెలుసు కదా. పై చెరువు నిండితే అలుగు పారి, వాగులో పడి కింది చెరువుకి చేరుతుంది. అది నిండితే ఇంకో దానికి. వానకి ఇవన్నీ బ్రేకుల్లాంటివి. కానీ బ్రేకు తెగితే? 1908లో ఆ 788లో 221 చెరువుల కట్టలు తెగాయి. ఒక్కోటీ తెగినప్పుడల్లా కిందిదాని మీద పడే బరువు పెరిగింది. ఊరి దగ్గరికి వచ్చేసరికి వరద సెకనుకి 4.25 లక్షల ఘనపుటడుగులు, మన పేపర్ల భాషలో 4.25 లక్షల క్యూసెక్కులు, అని ఆయన అంచనా వేశారు.

కాబట్టి ఆయన ఊళ్లో గోడలు కట్టడంతో సరిపెట్టలేదు. ఊరికి పైన నీళ్లని ఆపే చోటు చూడమన్నారు. అలా వచ్చినవే మీరు మ్యాపులో చూసిన రెండు మచ్చలు. 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టారు. ఒడ్లు కట్టారు, ఒడ్డు వెంట తోటలు వేశారు. హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి, సిటీ కాలేజీ వరద ఊడ్చేసిన ఆ ఒడ్ల మీద లేచినవే. ఇప్పుడు మనం మురిసిపోయి ఫొటోలు తీసుకునే ఆ నదీముఖం మొత్తం ఒక ప్రమాదం తర్వాత బుద్ధిగా చేసిన పని.

పని చేసింది కూడా. 1908 స్థాయి వరద మళ్లీ ఊళ్లోకి రాలేదు. చిక్కు అక్కడే మొదలైంది. నది ఏళ్లతరబడి రాకపోతే, నది పడుకునే చోటు ఖాళీ జాగాలా కనిపిస్తుంది. అమ్మేవాడికీ, కొనేవాడికీ, సంతకం పెట్టేవాడికీ కూడా. గండిపేట కట్ట మీద ఎంత నమ్మకం పెరిగితే, కింద నదిగర్భంలో అన్ని పునాదులు పడ్డాయి. మనల్ని కాపాడిందే మనల్ని నది ఒళ్లోకి దింపింది.

అడవి పేరు, బస్టాండు ఊరు

నయాపూల్ నుంచి ఇంకాస్త ముందుకెళ్తే ఇమ్లీబన్. అంటే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్. విజయవాడ, కర్నూలు, నల్లగొండ, ఎటెళ్లాలన్నా ఎప్పుడో ఒకప్పుడు మీరు రాత్రి పదింటికి ఇక్కడ బ్యాగు మీద కూర్చునే ఉంటారు. ఇమ్లీ అంటే చింత, బన్ అంటే వనం. ఇమ్లీబన్ అంటే చింతతోపు. అక్కడ ఒక చింతచెట్టు 150 మందిని మోస్తే, ఇక్కడ తోపు పేరు మాత్రం బోర్డు మీద మిగిలింది.

బస్టాండుకి వెళ్లే వంతెన మీద ఆగి రెండు వైపులా చూడండి. ముందు ఒక పాయ, వెనక ఒక పాయ. మధ్యలో నదిలోని దిబ్బ, ఆ దిబ్బ మీద ప్లాట్‌ఫారాలు. 1990ల్లో కట్టారు. ఆ తర్వాత మెట్రో కూడా వచ్చింది, రెండు లైన్లు కలిసే జంక్షన్ ఇదే. ఇన్నాళ్లు వచ్చి పోతున్నా చాలామందికి తాము నది మధ్యలో బస్సెక్కుతున్నామని తెలీదు. నాతోపాటు నిలబడి టీ తాగుతున్న ఒక డ్రైవరన్నకి మాత్రం బాగా తెలుసు.

2025 సెప్టెంబర్ 26 రాత్రి రెండు జలాశయాల గేట్లెత్తారు. మూసీ బస్టాండులోకి వచ్చింది. ప్రయాణికుల్ని రాత్రికి రాత్రి బయటికి తీసుకురావాల్సి వచ్చింది, బస్సుల్ని వేరేచోట్ల నుంచి నడిపారు. "ప్లాట్‌ఫారం మీద నీళ్లన్నా, బెంచీల మీదెక్కి నిలబడ్డరు జనం" అన్నాడాయన. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ రాత్రి వచ్చిన నీరు 1908తో పోలిస్తే చాలా చిన్నది. నది పెద్దగా ఏం చేయలేదు. తన పాత మంచంలో కాస్త ఒత్తిగిల్లింది, అంతే. మంచం మీద మనం ఉన్నాం.

గేట్ల గురించి కూడా ఓ మాట. వరదని ఆపాలంటే జలాశయంలో కొంత ఖాళీ ఉండాలి. తాగునీటి కోసమైతే నిండుగా ఉండాలి. గండిపేట చిన్నప్పటి నుంచీ ఈ రెండు పనులూ చేస్తోంది. సెప్టెంబర్ చివరికి రెండూ నిండుకుండల్లా ఉంటాయి, సరిగ్గా అప్పుడే పెద్ద వానలు పడతాయి. వచ్చింది వచ్చినట్టు కిందికి వదలడం తప్ప అప్పుడు ఇంజనీర్ల చేతిలో ఇంకేం ఉండదు. పైగా పైన నేల మారుతోంది. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 ఊళ్లలో కట్టడాల మీద ఆంక్షలు పెడుతూ 1996లో 111 జీవో ఇచ్చారు. 2022లో ఆ ఆంక్షలు సడలిస్తూ ఇంకో జీవో వచ్చింది. మట్టి మీద పడ్డ వాన కొంత ఇంకుతుంది, కొంత నిదానంగా నడుస్తుంది. స్లాబు మీద, తారు మీద పడ్డ వాన పరిగెడుతుంది. ఆ పరుగు ముందు గండిపేటకి తెలుస్తుంది, తర్వాత ఇమ్లీబన్‌కి.

ఎర్ర పెయింట్

బస్టాండు దాటి చాదర్‌ఘాట్ వంతెన దగ్గర కిందికి దిగితే మూసానగర్, శంకర్‌నగర్. ఇక్కడ కెమెరా లోపల పెట్టుకోండి. ఇవి జనం ఇళ్లు.

వరదొచ్చిన ప్రతిసారీ మొదట ఖాళీ చేయించేది ఈ గల్లీలనే. 2024 సెప్టెంబర్‌లో మూసీ ప్రక్షాళన పనుల కోసం అధికారులొచ్చి నదిగర్భంలో ఉన్న ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాసి వెళ్లారు. ఆ తర్వాత చాలా కుటుంబాల్ని డబుల్ బెడ్‌రూం ఇళ్లకు తరలించారు, ఇళ్లు కూల్చారు. కొందరు సంతోషంగానే వెళ్లారు. కొందరు ఏడ్చుకుంటూ వెళ్లారు. కొందరు కదలమన్నారు.

ఒడ్డున కిరాణా కొట్టు ముందు కూర్చున్న అక్క ఒకామె నాలుగిళ్లలో పని చేస్తుంది. "నీళ్లొస్తే మాకు కొత్తనా? సామాన్లు మంచం మీద పెట్టి, పిల్లల్ని తీస్కొని బడిల పండుకుంటం. మూడొద్దులకు మళ్లొస్తం. గీ ఇల్లు పోతే పని పోతది, పని పోతే ఏం తినాలె?" అంది. ఆమె మాటలో తప్పు వెతకడం సులువు. నదిలో ఇల్లు ప్రమాదమే, పిల్లలున్న ఇల్లు ఇంకా ప్రమాదం. కానీ ఆమె కూర్చున్న చోటి నుంచి తలెత్తితే అదే నదిగర్భంలో బస్టాండు కనిపిస్తుంది. దాని గోడ మీద ఎర్ర పెయింట్ లేదు.

నదికి చోటు వదలాలన్న మాటతో నాకు పేచీ లేదు. విశ్వేశ్వరయ్య చెప్పిందీ అదే కదా. అయితే ఆ చోటు ముందుగా ఎవర్ని అడుగుతున్నారు, ఎంత గడువిచ్చి అడుగుతున్నారు అన్నది చిన్న విషయం కాదు. 2024 జులైలో హైడ్రా వచ్చాక చెరువుల్లో పెద్దవాళ్ల కట్టడాలు కూడా కొన్ని కూలాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ పెద్దవాళ్లకి కోర్టు దాకా వెళ్లే దారి తెలుసు. ఈ అక్కకి తెలిసిన దారి పనిచేసే నాలుగిళ్లకి వెళ్లేది. కొత్త ఇల్లు ఆ దారికి దగ్గర్లో దొరికితే ఆమె రేపే మూట కట్టేస్తుంది.

పేరులోనే ఉంది

చాదర్‌ఘాట్ నుంచి అంబర్‌పేట వైపు ఆటో ఎక్కండి. ఈ దారిలో కాసేపు నదిని వదిలి, ఊరి పేర్ల గురించి మాట్లాడుకుందాం. మూసీ ఒడ్డున లేం కదా, మాకేం భయం అనుకునేవాళ్ల కోసం ఇది.

మాసబ్‌ట్యాంక్‌లో ట్యాంక్ ఎక్కడ? అది మాసాహెబా తలాబ్. ఇప్పుడు అక్కడ పార్కుంది. తలాబ్‌కట్ట అంటే చెరువు కట్ట. కుంట, చెరువు, తలాబ్, సాగర్ అని చివర్న ఉన్న పేర్లన్నీ నీళ్ల ఆధార్ కార్డులు. విశ్వేశ్వరయ్య లెక్కేసిన ఆ గొలుసులో కొన్ని లింకులు మన కాలనీల కింద ఉన్నాయి.

2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్ల వాన పడింది. 1908లో శంషాబాద్ అంకెతో పోల్చుకోండి. ఈసారి చెట్టెక్కించింది మూసీ కాదు, చెరువులు. పల్లెచెరువు కట్ట తెగి పాతబస్తీలో అలీనగర్, అల్ జుబైల్ కాలనీల మీద పడింది. గగన్‌పహాడ్ దగ్గర అప్పచెరువు తెగి బెంగళూరు హైవేని కోసేసింది. నాలుగైదు రోజులకే గుర్రంచెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది. అల్ జుబైల్‌లో వాన వెలిశాక కూడా రోజుల తరబడి నీళ్లు కదల్లేదు. ఎటు పోతాయి? అలుగు ఉండాల్సిన చోట గేటు, వాగు ఉండాల్సిన చోట సీసీ రోడ్డు. నూట పన్నెండేళ్ల తర్వాత కూడా అదే గొలుసు, అదే తెగడం. తేడా ఒక్కటే, అప్పుడు తెగిన చెరువుల కింద ఎక్కువగా పొలాలుండేవి.

మీరు ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చి గది వెతుక్కుంటుంటే, డిపాజిట్ ఇచ్చేముందు రెండు పనులు చేయండి. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో ఎఫ్‌టీఎల్ మ్యాపులుంటాయి. చెరువు నిండా నిండితే నీళ్లు ఎంతదాకా వస్తాయో ఆ గీత చెబుతుంది, మీ గల్లీ గీతకి ఎటువైపు ఉందో చూసుకోండి. తర్వాత పక్క సందులో ఓ ఇస్త్రీ బండి అన్ననో, పాలమ్మే తాతనో అడగండి. 2020లో నీళ్లెంతదాకా వచ్చాయని. గోడ మీద చెయ్యి పెట్టి మరీ చూపిస్తారు. ఇంటి ఓనరు చూపించడు.

బతుకమ్మ కుంట

అంబర్‌పేటలో ఆటో దిగి అడిగితే ఎవరైనా దారి చెబుతారు. కొన్నేళ్ల క్రితం అడిగి ఉంటే తుమ్మచెట్లు, మట్టి దిబ్బలు ఉన్న ఖాళీ స్థలాన్ని చూపించేవాళ్లు. పేరు మాత్రం బతుకమ్మ కుంట. ఒకప్పుడు ఆడవాళ్లు ఇందులో బతుకమ్మలు నిమజ్జనం చేసేవాళ్లు. తర్వాత మట్టితో నిండింది, కోర్టు కేసులు నడిచాయి. 2025 ఫిబ్రవరిలో హైడ్రా తవ్వడం మొదలుపెడితే కొన్ని అడుగుల లోతులోనే నీళ్లు ఊరాయి. ఆ వీడియో మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. పైపు పగిలిందని కొందరన్నారు, ఊటేనని కొందరన్నారు. ఆ సెప్టెంబర్‌లోనే కుంటని ప్రారంభించారు. ఇమ్లీబన్ మునిగిన అదే వారంలో.

ఇప్పుడు చుట్టూ నడిచే దారి, రెయిలింగు, మధ్యలో నీళ్లు. ఐదెకరాలకి కాస్త అటూఇటూగా ఉంటుంది. పాత కుంట దీనికన్నా చాలా పెద్దది, మిగతాది చుట్టూ ఉన్న ఇళ్ల కింద ఉండిపోయింది. అది ఇక రాదు, ఆ ఇళ్లు కూల్చాలని అడిగే ధైర్యం కూడా నాకు లేదు. కానీ వానాకాలంలో చుట్టుపక్కల గల్లీల నీళ్లు కాసేపు ఆగడానికి ఒక గుంట దొరికింది. 788తో పోలిస్తే ఒకటి. బెంచీ మీద కూర్చుంటే ఎదురుగా పిల్లలు నీళ్లలోకి రాళ్లు విసురుతూ లెక్కపెడుతుంటారు, ఎవరి రాయి ఎన్నిసార్లు ఎగిరిందని. పక్క గల్లీల్లో పెరిగిన పెద్ద పిల్లలకి ఈ ఆట తెలీదు, వాళ్ల చిన్నప్పుడు ఇక్కడ నీళ్లు లేవు.

వెళ్లాల్సిన టైమ్ సెప్టెంబర్ నుంచి అక్టోబర్. బతుకమ్మ పండగ రోజులైతే ఇంకా మంచిది, కుంట చుట్టూ పూలు చూడొచ్చు. మొత్తం నడకకి మూడు గంటలు, ఆటోకి వందా నూటయాభై, పురానాపూల్ దగ్గర ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. అక్కడి నుంచి సొంతూరికి బస్సెక్కాలంటే దగ్గర్లోనే ఇమ్లీబన్ ఉంది. పైన వికారాబాద్ వైపు రెండు రోజులుగా వాన పడుతుంటే మాత్రం, బయల్దేరేముందు గండిపేట గేట్లు ఎన్ని ఎత్తారో ఫోన్‌లో ఒకసారి చూసుకోండి.